కారుకు రెండు కళ్ళు – రెండూ ఒకేలా వెలగాలి



రాత్రివేళ ఎదురుగా వచ్చే కార్లను గమనించండి. కొన్నిటిలో ఒక హెడ్‌లైటు పసుపుపచ్చగా, మందంగా వెలుగుతుంది. రెండవది తెల్లగా, కళ్ళు జిగేలుమనేలా వెలుగుతుంది. కాలిపోయిన ఒక్క బల్బును మార్చి, రెండవదానిని అలాగే వదిలివేసినప్పుడు ఎక్కువగా ఇలా జరుగుతుంది. "వెలుగుతోంది కదా, చాలు" అని చాలామంది సరిపెట్టుకుంటారు. కాని ఇది కారు అందానికి సంబంధించిన విషయం కాదు. కారు నడిపేవారి కంటికి, ఎదుటివారి కంటికి, రోడ్డు పక్కన నడిచేవారి ప్రాణానికి సంబంధించిన విషయం.

తేడా ఎందుకు వస్తుంది?

మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో హెచ్-4 అనే హాలోజన్ బల్బులు ఉంటాయి. ఇవి 12 వోల్టుల కరెంటుతో పనిచేస్తాయి. డిమ్ లైటుకు 55 వాట్లు, బ్రైట్ లైటుకు 60 వాట్లు. బల్బు లోపల టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగి వెలుగునిస్తుంది. ఆ వేడికి టంగ్‌స్టన్ కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది. బల్బులోని హాలోజన్ వాయువు దానిని తిరిగి తీగకు చేరుస్తుంది గాని, సరిగ్గా పోయిన చోటికే చేర్చలేదు. అందువల్ల తీగ అక్కడక్కడ సన్నబడి, వెలుగు తగ్గి, చివరకు తెగిపోతుంది.

ఈ తగ్గుదల నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కనుక మన కంటికి తెలియదు. ఒక కొత్త బల్బు వేయగానే తేడా బయటపడుతుంది. అంటే కొత్త బల్బు అతిగా వెలగడం లేదు, పాతది ఎప్పుడో మందగించింది! పైగా రెండు బల్బులూ ఒకే రోజు వేసినవైతే, ఒకటి పోయిన తరువాత రెండవదాని ఆయుష్షు కూడా దగ్గరపడిందనే అర్థం.

రంగులో తేడాకు మరొక కారణం వేరే రకం బల్బు వేయడం. వెలుగు రంగును కెల్విన్ అనే కొలతతో చెబుతారు. మామూలు హాలోజన్ బల్బు సుమారు 3200 కెల్విన్, అంటే లేత పసుపు. డబ్బా మీద 5000, 6000 అని ఉంటే తెల్లగా, నీలి ఛాయతో వెలుగుతుంది. ఈ అంకె పెరిగితే వెలుగు ఎక్కువవుతుందనుకోవడం పొరపాటు. అది రంగును మాత్రమే చెబుతుంది. నీలి పూత వేసిన బల్బులలో ఆ పూత కొంత వెలుగును ఆపివేస్తుంది కూడా.

లోపం బల్బులోనే ఉందా?

దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. లైట్లు ఆర్పి, బల్బులు చల్లబడిన తరువాత కుడివైపు బల్బును ఎడమకు, ఎడమవైపు దానిని కుడికి మార్చి చూడండి. మందమైన వెలుగు బల్బుతో పాటు అటువైపు వెళితే లోపం బల్బుదే. మందం పాత చోటనే ఉండిపోతే లోపం వేరేచోట ఉంది. పైమూత ఎండకు పచ్చబడి ఉండవచ్చు, లోపలి అద్దం మెరుపు తగ్గి ఉండవచ్చు, హోల్డరు కాలి ఉండవచ్చు, ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉండవచ్చు. బల్బుకు అందే వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గితే వెలుగు సుమారు 30 వంతులు తగ్గుతుంది. కనుక వదులైన వైరును చిన్న విషయంగా తీసుకోకూడదు.

కంటికి ఏమి జరుగుతుంది?

చీకటిలో మన కంటిపాప పెద్దదవుతుంది. కంటి వెనుక ఉన్న రెటీనా చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. అటువంటి కంటిలో తీక్షణమైన కాంతి పడితే కొన్ని క్షణాలు ఏమీ కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు వెళుతుంది. మూడు సెకన్లు చూపు ఆనకపోతే 50 మీటర్లు కళ్ళు మూసుకొని నడిపినట్లే.

వయసు పెరిగే కొద్దీ కన్ను తేరుకోవడం ఆలస్యమవుతుంది. శుక్లం ఉన్నవారికి కాంతి కంటిలోనే చెదిరి, లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. షుగరు వ్యాధి వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, విటమిన్-ఎ లోపంతో రేచీకటి ఉన్నవారికి రాత్రి ప్రయాణం మరింత ప్రమాదకరం.

ఎవరికి ప్రమాదం?

ఎడమవైపు లైటు మందగిస్తే రోడ్డు అంచు సరిగా కనిపించదు. మన ఊళ్ళలో పాదచారులు, సైకిళ్ళు, పశువులు, వెనుక ఎర్రలైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, కోతల కాలంలో ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్ళు ఉండేది ఆ అంచునే. కుడివైపు లైటు మందగిస్తే ఎదురుగా వచ్చేవారు మన కారును మోటారుసైకిలు అనుకొని, దగ్గరగా వచ్చి గుద్దుకునే అవకాశం ఉంది.

మనం చేయవలసినవి

1. ఒక బల్బు పోతే రెండూ ఒకేసారి మార్చండి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే వాట్లవి, ఒకే రంగువి కావాలి. ఇంకా వెలుగుతున్న పాత బల్బును అవసరానికి కారులో దాచుకోండి.
2. బల్బు గాజును చేతివేళ్ళతో ముట్టుకోవద్దు. వేళ్ళకున్న జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి.
3. 90, 100 వాట్ల బల్బులు వేయించకండి. వైర్లు, హోల్డరు కరిగిపోయే ప్రమాదం ఉంది.
4. హాలోజన్ బల్బుకోసం చేసిన లైటులో ఎల్‌ఇడి బల్బు పెడితే కాంతి గురి తప్పి ఎదుటివారి కళ్ళలో పడవచ్చు.
5. బల్బులు మార్చిన తరువాత చదునైన నేలమీద, గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి డిమ్ లైటు వేయండి. రెండు వెలుగులూ ఒకే ఎత్తులో, ఒకే రంగులో పడాలి. లేకపోతే మెకానిక్‌తో సరిచేయించండి.
6. లైట్ల పైమూతను, ముందు అద్దాన్ని లోపల, వెలుపల శుభ్రంగా తుడవండి.
7. ఎదుటి వాహనం రాగానే డిమ్ చేయండి. వారు డిమ్ చేయకపోతే ఆ లైటును చూడక, వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచును చూస్తూ నడపండి.
8. రాత్రిపూట నల్లద్దాలు, రంగుటద్దాలు పెట్టుకొని నడపవద్దు.
9. 40 ఏళ్ళు దాటినవారు క్రమం తప్పకుండా, షుగరు ఉన్నవారు తప్పనిసరిగా ఏడాదికొకసారి కంటి పరీక్ష చేయించుకోవాలి. కారు లైట్లు రెండూ బాగున్నా రోడ్డు మసకగా కనిపిస్తుంటే, అది లైట్ల లోపం కాదు, మన కంటి లోపం కావచ్చు.

క్రిస్మస్ ఆరాధనకు, సంక్రాంతి పండుగకు కుటుంబంతో రాత్రి ప్రయాణాలు చేసేవారు బయలుదేరే ముందు ఒక్క అయిదు నిమిషాలు లైట్లు చూసుకోండి. ఒక బల్బు ఖరీదుతో పోలిస్తే ఎముకలు విరిగి ఆసుపత్రిలో గడిపే నెలల ఖరీదు ఎంతో ఎక్కువ. చీకటిలో రోడ్డు పక్కన నడిచివెళ్ళే వ్యక్తి మనకు తెలియనివాడే కావచ్చు, కాని అతడు కూడా మన పొరుగువాడే. అతడు క్షేమంగా ఇల్లు చేరేలా చూడడం దేవుడు మనకప్పగించిన బాధ్యత.