మీటరు అంకె ఒక్కటే చాలదు

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక, మిగిలిపోయిన కణాలను చంపేందుకు రేడియోధార్మిక అయోడిన్-131 మింగిస్తారు. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ రోగి నుంచి గామా కిరణాలు వెలువడుతూనే ఉంటాయి. అందుకే 30 మిల్లీక్యూరీలు దాటిన మోతాదు తీసుకున్నవారిని ఆస్పత్రిలో విడిగదిలో ఉంచుతారు. మీటరు దూరంలో రేడియేషన్ గంటకు 50 మైక్రోసీవర్టులకు దిగితే ఇంటికి పంపొచ్చన్నది మన దేశంలో పాటించే హద్దు. సరిగ్గా ఆ అంకె దగ్గర డిశ్చార్జి అయిన మనిషి హైదరాబాద్‌లో బస్సెక్కి హత్నూర వైపు బయల్దేరాడనుకుందాం. దూరం సగమైతే కిరణాల తాకిడి దాదాపు నాలుగింతలవుతుంది. అర మీటరు దూరంలో, పక్క సీట్లో రెండు గంటలు కూర్చున్నవారికి 400 మైక్రోసీవర్టుల దాకా తగలొచ్చు. సామాన్యులకు ఏడాది మొత్తానికి పెట్టిన పరిమితే వెయ్యి. ఇక ఇల్లు చూద్దాం. హత్నూర దగ్గరి గుండ్లమాచనూరు, బొర్పట్ల కంపెనీల్లో పనిచేస్తూ ఒక్క గది అద్దెకు తీసుకుని, నాలుగు కుటుంబాలు వాడే మరుగుదొడ్డితో నెట్టుకొచ్చేవారికి ‘పిల్లలకు దూరంగా పడుకోండి’ అన్న సలహా కాగితానికే పరిమితం. కాబట్టి డిశ్చార్జి నిర్ణయంలో ప్రయాణానికీ ఇంటికీ కూడా లెక్క ఉండాలి.

పడకలే తక్కువైనప్పుడు ఇంకో రోజు ఉంచుకోమంటే వెనకున్న క్యాన్సర్ రోగి ఆగాలి కదా అంటారు. నిజమే. అయితే అందరినీ ఆపనక్కర్లేదు. థైరాయిడ్ తీసేసినవారిలో ఈ అయోడిన్ చాలామటుకు మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. చిత్రమేమిటంటే, థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బుకు 10, 15 మిల్లీక్యూరీలు తీసుకుని అదేరోజు ఇంటికెళ్లే రోగిలో గ్రంథి దాన్ని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. ఇంట్లోవాళ్లకు మొత్తంమీద తగిలేది ఒక్కోసారి అక్కడే ఎక్కువ. అంకెను మాత్రమే నమ్మితే ఈ తేడా కనబడదు. అమెరికా 1997లోనే మిల్లీక్యూరీల లెక్క దాటి, పక్కవారికి ఎంత తగులుతుందన్నదే కొలబద్దగా తీసుకుంది. జర్మనీ మాత్రం కనీసం రెండు రోజులు ఆస్పత్రిలోనే ఉండమంటుంది. ఇంటి సంగతులు అడిగితే జనం హడలిపోతారన్న వాదన నాకు రుచించదు. కారణం చెప్పకుండా దూరం ఉండమంటేనే ఊళ్లో పుకార్లు పుడతాయి.

మందు తేదీ ఖాయం చేసుకునే ముందే డాక్టరుకు చెప్పండి: ఎన్ని గదులు, పసిపిల్లలున్నారా, గర్భిణులున్నారా, దేనిలో ఇంటికెళ్తారు. పాలిచ్చే తల్లి అయితే ఆ బిడ్డకు పాలు పూర్తిగా మాన్పించాకే ఈ మందు తీసుకోవాలి.