నడుము నొప్పికి యాంటీబయాటిక్స్: పరిశోధనల బలమెంత?

దీర్ఘకాలిక నడుము నొప్పికి బ్యాక్టీరియా కారణమని, మూడు నెలలపాటు యాంటీబయాటిక్ మాత్రలు వాడితే నయమవుతుందని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. దీనికి ఆధారమైన పరిశోధనలు ఎంతవరకు నమ్మదగినవో పరిశీలించవలసి ఉన్నది.

డెన్మార్క్ వైద్యులు 2013లో ప్రచురించిన పరీక్షలో 162 మంది పాల్గొన్నారు. డిస్కు జారిన తరువాత ఆరు నెలలకు పైగా నొప్పి అనుభవిస్తూ, ఎం.ఆర్.ఐ.లో వెన్నుపూసల ఎముకలో మోడిక్ మొదటి రకం మార్పులు కనిపించినవారు వీరు. కొందరికి వంద రోజులు అమాక్సిసిలిన్-క్లావులనేట్, మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చినదీ రోగులకు గాని, వైద్యులకు గాని తెలియనీయలేదు. ఏడాది తరువాత మందు వాడినవారికి గణనీయమైన ఉపశమనం కనిపించింది. పద్ధతి మంచిదే. అయినా ఒక్క పరీక్షతో చికిత్స స్థిరపడదు. మరొక బృందానికి కూడా అదే ఫలితం రావాలి.

నార్వేలో ఆరు ఆసుపత్రులలో 180 మందిపై జరిగిన పరీక్ష 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. రోగి ఇబ్బందిని 24 పాయింట్ల ప్రశ్నావళితో కొలిచారు. రెండు వర్గాల మధ్య కనీసం 4 పాయింట్ల తేడా ఉంటేనే ప్రయోజనంగా పరిగణించాలని ముందే నిర్ణయించుకున్నారు. వచ్చిన తేడా 1.6 మాత్రమే. మోడిక్ మొదటి రకం వారిని విడిగా చూసినా 2.3 దాటలేదు. అక్కడ వాడినది అమాక్సిసిలిన్ ఒక్కటే అన్న భేదం ఉన్న మాట నిజమే. కాని కొలబద్దను ముందే ప్రకటించి దానికి కట్టుబడినందున ఈ పరీక్షకు విలువ హెచ్చు. మందు తీసుకున్నవారిలో 56 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రల వారిలో 34 శాతం మందికి దుష్ప్రభావాలు కలిగాయి. ('నయమైంది' అన్న వార్తకు పత్రికలలో దక్కే చోటు 'కాలేదు' అన్న వార్తకు సాధారణంగా దక్కదు.)

అసలు చిక్కు నమూనాల సేకరణలో ఉన్నది. శస్త్రచికిత్సలో తీసిన డిస్కు ముక్కలలో తరచుగా కనిపించే క్యూటిబ్యాక్టీరియం ఎక్నెస్ మన చర్మంపై సహజంగా నివసించే సూక్ష్మజీవి. అది డిస్కులో ముందే ఉన్నదా, కత్తి వెంట చర్మం నుండి చేరినదా? పక్కనున్న చర్మం, కండరాల నమూనాలను కూడా పరీక్షించి పోల్చని అధ్యయనం దీనికి సమాధానం చెప్పలేదు.

వెన్నెముక క్షయ, డిస్కుకు చీము పట్టడం వేరు. అవి నిర్ధారితమైన ఇన్‌ఫెక్షన్లు. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గుట, కాళ్ళలో బలహీనత కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. మందుల షాపులో సొంతంగా కొన్న అమాక్సిసిలిన్ క్షయను నయం చేయదు, పైగా రోగ నిర్ధారణ ఆలస్యమయ్యే ప్రమాదమున్నది.