కనిపించని గాయానికి కొలత ఏది?

చెంపదెబ్బ పడితే వాపు కనిపిస్తుంది. ఫోన్‌లో రోజూ వచ్చే బెదిరింపులకు అలాంటి ఆనవాలు ఉండదు. మరి రెండింటికీ ఒకే శిక్ష ఉండాలా?

2003లో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. ఎంఆర్‌ఐ స్కానర్‌లో ఉన్నవారు తెరపై బంతాట ఆడారు. కాసేపటికి తోటి ఆటగాళ్లు వారికి బంతి వేయడం మానేశారు. అప్పుడు వారి మెదడులో, శారీరక నొప్పికి స్పందించే 'యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్' చురుకైంది. అయితే 2014లో వెలువడిన మరో అధ్యయనం ఈ రెండు బాధలకూ మెదడులో కలిగే స్పందనల తీరు వేర్వేరని తేల్చింది. అంటే మనసుకు తగిలిన దెబ్బ కల్పన కాదు, అలాగని ఒంటి దెబ్బకు నకలూ కాదు.

మన చట్టమూ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేదు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు గాయం చేస్తే ఏడాది వరకు జైలు. మహిళను ఆన్‌లైన్‌లో వెంటాడితే తొలిసారే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మరోవైపు, చికాకు కలిగించే సందేశాలనూ నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను, అస్పష్టంగా ఉందంటూ సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది. విమర్శకూ వేధింపునకూ మధ్య గీత స్పష్టంగా ఉండాలని ఆ తీర్పు గుర్తుచేస్తుంది.

చేతి దెబ్బ ఒకసారి తగులుతుంది. పోస్టు మాత్రం పంచుకున్న ప్రతిసారీ మళ్లీ తగులుతుంది. కాబట్టి వేధింపు ఎన్నిసార్లు జరిగింది, ఎంతమందికి చేరింది, ఎంత భయపెట్టింది అన్నవే శిక్షకు కొలతలు కావాలి. బాధితులకు మాత్రం అన్నిటికన్నా ముందు కావలసింది ఆ పోస్టు త్వరగా తొలగిపోవడం.