ముల్కీ నుంచి హెచ్-1బి దాకా

ఈ ఏడాది మా క్యాంటీన్‌లో ప్లేస్‌మెంట్ల కన్నా ఎక్కువ నడిచిన టాపిక్ అమెరికా. హెచ్-1బి ఫీజు, పుట్టిన పిల్లల పౌరసత్వం, డిపోర్టేషన్లు... రోజుకొక ఫార్వర్డ్. దాని మీద రెండే వాదనలు. ఒకటి, "వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం." రెండోది, "మనవాళ్ళు లేకపోతే అమెరికా ఆగిపోతుంది." రెండూ చప్పట్లకి పనికొస్తాయి గానీ, ఒక నిర్ణయం న్యాయమైనదో కాదో తేల్చడానికి పనికిరావు. నాకు తేలడం అవసరం. నా ఎం.ఎస్. కోసం షాలిబండలో ఉన్న ఒక్క ఇంటిని తాకట్టు పెట్టాలా వద్దా అని మా నాన్న లెక్కలు వేస్తున్నారు.

ముందు హెచ్-1బి అంటే ఏంటో చూద్దాం. 1990లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం నుంచి వచ్చిన వీసా ఇది. ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి మరో 20,000. అప్లై చేసేది మనం కాదు, ఉద్యోగం ఇచ్చే కంపెనీ. అప్లికేషన్లు ఎక్కువైతే లాటరీ. వస్తే మూడేళ్ళు, పొడిగిస్తే మామూలుగా ఇంకో మూడేళ్ళు. మంజూరయ్యే వాటిలో పదింటికి ఏడు మన దేశం వాళ్ళవే. 2025 సెప్టెంబర్ 19న అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు: కొత్త పిటిషన్‌కి లక్ష డాలర్లు. అప్పటి రేటులో దాదాపు 88 లక్షల రూపాయలు.

ఇప్పుడు ఒకసారి పాతబస్తీకి రండి. నయాపూల్ దాటగానే హైకోర్టు పక్కన సిటీ కాలేజ్ కనిపిస్తుంది. నేను రోజూ ఆ బిల్డింగ్ ముందు నుంచే బస్సులో వెళ్తాను. "బయటివాళ్ళు మన ఉద్యోగాలు తీసుకుంటున్నారు" అనే మాట మీద 1952 సెప్టెంబర్ మొదటి వారంలో ఇక్కడ విద్యార్థుల ప్రాణాలు పోయాయి.

నిజాం కాలంలోనే ముల్కీ రూల్స్ ఉండేవి. 1919 ఫర్మానా ప్రకారం స్థానికుడు అనిపించుకోవాలంటే హైదరాబాద్ రాజ్యంలో పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్ళు నివాసం ఉండాలి. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత బయటి ప్రాంతాల ఉద్యోగులు చాలామంది వచ్చారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో పోస్టులు పోతున్నాయని వరంగల్‌లో కోపం మొదలై హైదరాబాద్‌కి పాకింది. "నాన్-ముల్కీ గో బ్యాక్", "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని నినాదాలు. పోలీసులు కాల్పులు జరిపారు. విచారణ జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి చేశారు.

ఆ విద్యార్థుల ఫిర్యాదులో నిజం ఉంది. రూల్ ఉంది, దాన్ని మోసం చేస్తున్నారు, నష్టపోయేది వీళ్ళు. ఇదే మాట ఒక అమెరికన్ అంటే మనం వెంటనే "రేసిస్ట్" అంటాం. 2015లో ఫ్లోరిడాలోని డిస్నీ దాదాపు 250 మంది టెక్ ఉద్యోగుల్ని తీసేసింది. వెళ్ళేముందు వాళ్ళలో చాలామంది తమ సీట్లోకి వచ్చేవాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఉద్యోగి కోపం, సిటీ కాలేజ్ విద్యార్థి కోపం వేరువేరా?

అందుకే ఏ రూల్ గురించి అయినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను.

మొదటిది: తప్పు రూల్‌లో ఉందా, మనిషిలో ఉందా? హెచ్-1బి లాటరీలో ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీలు రిజిస్ట్రేషన్ వేయించేవి. 2023లో జరిగిన లాటరీకి వచ్చిన 7.8 లక్షల రిజిస్ట్రేషన్లలో నాలుగు లక్షలకి పైగా ఇలా ఒకటికి మించి పేర్లు పడ్డవాళ్ళవే. దొంగ ముల్కీ సర్టిఫికెట్‌కి తమ్ముడు లాంటిది ఇది. మనవాళ్ళలో కొందరు దీన్ని "తెలివి" అన్నారు. లైన్లో నిజాయితీగా నిలబడ్డ ఇంకో తెలుగు కుర్రాడి ఛాన్స్ ఆ తెలివి తినేసింది. 2024లో రూల్ మార్చారు: ఎన్ని కంపెనీలు వేసినా లాటరీలో మనిషికి ఒక్కటే ఛాన్స్. ఎవర్నీ తిట్టలేదు, తలుపు మూయలేదు, కంత పూడ్చారు. కామన్ సెన్స్ అంటే ఇది.

కోపం రూల్‌ని వదిలి మనిషి మీదకి వెళ్తే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో ఒకడు "నా దేశం నుంచి పొండి" అంటూ మన హైదరాబాద్ ఇంజనీర్‌ని కాల్చి చంపాడు. అడ్డుపడి తూటా తగిలించుకున్నది ఇరవై నాలుగేళ్ళ అమెరికన్ కుర్రాడు. "గో బ్యాక్" ఏ భాషలో అన్నా దాని దారి ఇటే. ఆ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకుంటే "అమెరికన్లంతా ఇంతే" అనలేం.

రెండోది: మార్చే అధికారం ఎవరిది, ఎంత టైమ్ ఇచ్చారు? 2025 జనవరి 20న ఇంకో ఉత్తర్వు వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డ్ గానీ లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం ఉండదని. హెచ్-1బి కుటుంబాలు చాలావరకు ఇందులోకి వస్తాయి. కానీ పుట్టుకతో పౌరసత్వం 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణలో ఉంది. చైనా తల్లిదండ్రులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అమెరికా పౌరుడేనని 1898లో సుప్రీం కోర్టు చెప్పింది. ఉత్తర్వు వచ్చిన మూడు రోజులకే సియాటిల్ జడ్జి దాన్ని ఆపారు. ఆ వాదన సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది.

ఇక్కడ మనం తొందరపడి "అమానుషం" అనకూడదు. మన దేశంలో 1987 జూలై 1కి ముందు పుడితే చాలు, పౌరసత్వం. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులైతే రెండోవాళ్ళు అక్రమంగా వచ్చినవాళ్ళు కాకూడదు. అంటే హైదరాబాద్‌లో పనిచేసే విదేశీ జంటకి ఇక్కడ పుట్టే బిడ్డకి మనమూ పౌరసత్వం ఇవ్వం. తేడా ఎక్కడంటే, మనకి పుట్టుక పౌరసత్వం పార్లమెంట్ చట్టంలో ఉంది, పార్లమెంటే మార్చింది. అక్కడ రాజ్యాంగంలో ఉన్నదాన్ని ఒక సంతకంతో మార్చబోయారు. నా అభ్యంతరం దానికి.

లక్ష డాలర్ల ఫీజుకీ ఇదే ప్రశ్న. శుక్రవారం సంతకం, ఆదివారం నుంచి అమలు. ఎవరికి వర్తిస్తుందో తెలియక సెలవు మీద ఇండియా వచ్చినవాళ్ళు ఎయిర్‌పోర్టులకి పరిగెత్తారు. ఉన్న వీసాలకి వర్తించదని మర్నాడు చెప్పారు. అక్కడే చదివి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్ళకి వర్తించదని చెప్పడానికి అక్టోబర్ దాకా పట్టింది. ఫీజు పెంచడం వాళ్ళ హక్కు కావచ్చు. ఒకటిన్నర రోజుల నోటీసు మాత్రం న్యాయం కాదు.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది: ఆ సీట్లో నేనుంటే ఏమంటాను? మన ఇంజనీరింగ్ అడ్మిషన్లనే తీసుకోండి. 85 శాతం సీట్లు స్థానికులకి. మిగతా 15 శాతంలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకి ఉన్న అవకాశాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025లో తీసేసింది. మా వాట్సాప్ గ్రూప్‌లో పండగ చేసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత హెచ్-1బి ఫీజు మీద కళ్ళనీళ్ళు పెట్టుకున్నదీ అదే గ్రూప్. మన సీట్లు మనకే అన్నప్పుడు అది ఆత్మగౌరవం, వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకే అన్నప్పుడు అది ద్వేషం, ఎలా కుదురుతుంది?

స్థానికులకి రక్షణ ఉండకూడదని నేను అనడం లేదు. 1952లో ఆ రక్షణ అడగడానికి కారణం ఉంది, ఇప్పుడూ ఉంది. పైగా ఉమ్మడి అడ్మిషన్లు పదేళ్ళేనని 2014 విభజన చట్టంలోనే రాసి ఉంది, అందరికీ ముందే తెలుసు. ముందే చెప్పిన రూల్, చట్టసభ చేసిన రూల్, మోసానికి చోటివ్వని రూల్, మనిషిని అవమానించని రూల్ అయితే, అది నాకు నష్టం చేసినా నేను ఒప్పుకోవాలి. అలా లేని రూల్ నాకు లాభం చేసినా తప్పు అనాలి. కొలత ఒకటే ఉండాలి.

ఇంతా చెప్పి మా ఇంటి తాకట్టు సంగతి తేల్చానా అంటే, సగం తేలింది. ముందు ఇక్కడ ఒక ఉద్యోగం, రెండేళ్ళ అనుభవం, అప్పుడు ఆలోచిద్దాం అని నాన్నతో చెప్పాను. కంపెనీ వేసే పిటిషన్, లాటరీలో తగిలే నంబరు, ఒక ప్రెసిడెంట్ సంతకం, మూడూ నా చేతిలో లేవు. ఇల్లు మాత్రం మా చేతిలో ఉంది.