పసిఫిక్ ఒడ్డున ఆఖరి నాలుగు రోజులు

ఎండలు ముదిరేలోగా ఆ ఇంటికి తాళం పడుతుంది. తులసికోటలో నీళ్లు పొయ్యడం, కరెంటు బిల్లు కట్టడం పక్కింటివాళ్లకి అప్పగింతలవుతాయి. మళ్లీ దసరాకో దీపావళికో తాళం తీస్తారు. ఎక్కడికెళ్లారని ఎవరూ అడగరు. విజయనగరం కంటోన్మెంటులోనైనా, శ్రీకాకుళం హౌసింగ్‌బోర్డు కాలనీలోనైనా ఇలాంటి ఇళ్లు ఇప్పుడు వీధికి రెండు మూడు కనిపిస్తాయి. అమ్మాయి దగ్గరికో, అబ్బాయి దగ్గరికో... అమెరికాకి!

తిరిగొచ్చాక ఆ ఆర్నెల్ల గురించి ఎన్నో కబుర్లు. మనవల ఇంగ్లిషు, గిన్నెలు కడిగే మిషను, మనిషి కనపడని రోడ్లు. ఆఖరి నాలుగు రోజుల గురించి మాత్రం పెద్దగా చెప్పరు. 2025లో మా అమ్మని తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఆ నాలుగు రోజులూ దగ్గరుండి చూశాను. ఎందుకు చెప్పరో కొంత అర్థమైంది.

అక్కావాళ్లు ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో. అమ్మ ఏప్రిల్ రెండోవారంలో వెళ్లింది. విజిటర్స్ వీసా పదేళ్లకిచ్చినా, దిగినప్పుడు విమానాశ్రయంలో అధికారి సాధారణంగా ఆరు నెలలకే అనుమతి ఇస్తారు. ఆ లెక్కన అక్టోబరు రెండోవారంలోపు బయల్దేరాలి. అమ్మ మనసులో ఉన్న తారీఖు అది కాదు. అక్టోబరు 7, మంగళవారం... పైడితల్లమ్మ సిరిమాను! విజయదశమి వెళ్లిన మొదటి మంగళవారం విజయనగరంలో లేకపోవడం అన్నది ఆమెకి ఊహకి కూడా అందని విషయం. అందుకే అక్టోబరు 4 రాత్రికి టికెట్లు. మిగిలిన నాలుగు రోజులూ బావ సెలవు పెట్టి, 'ఆర్నెల్లుగా పని పని అంటూనే సరిపోయింది అత్తయ్యగారూ, సముద్రం వెంబడి తిప్పుతాను' అన్నాడు. ఈ చివరి టూరు కూడా అందరిళ్లలోనూ ఉండేదేనట!

పొద్దు అక్కడ మునిగితే...

బుధవారం పొద్దున్నే బయల్దేరి, శాన్‌మాటియో వంతెన దాటి, కొండలెక్కి దిగితే హాఫ్‌మూన్‌బే. అక్కణ్నుంచి దక్షిణానికి హైవే వన్. కుడివైపు పసిఫిక్, ఎడమవైపు పొలాలు. అక్టోబరు కదా, పొలాల నిండా గుమ్మడికాయలు. హాలోవీన్‌కి తొలిచి దీపాలు పెట్టడానికని చెబితే అమ్మ నమ్మలేదు. "ఇన్ని కాయలేటే! దప్పళం పెట్టుకోరేటి వీళ్లు?" అంది.

దారిలో పిజన్ పాయింట్ లైట్‌హౌస్ వస్తుంది. 115 అడుగుల ఎత్తు, 1872 నాటిది. చూడగానే మాకు కళింగపట్నం గుర్తొచ్చింది. కానీ పోలిక అక్కడితో సరి. మన దగ్గర ఇసకలోకి దిగితే తెప్పలు, వలలు, ఎండుచేపల వాసన, కూలికి బేరాలాడే గొంతులు. ఇక్కడ మైళ్ల కొద్దీ రాళ్లూ అలలూ. పడవన్నది లేదు. 'సముద్రానికి వీపు చూపించి నిలబడొద్దు' అని హెచ్చరిక బోర్డులు మాత్రం ఉన్నాయి. పేరుకి ప్రశాంత మహాసముద్రం... ఒడ్డున నిలబడితే ఆ పేరు పెట్టినాయన ఏ రోజున చూశాడో అనిపిస్తుంది.

సాయంత్రానికి మాంటెరే పక్కన పసిఫిక్ గ్రోవ్‌లో అసిలొమార్ బీచ్‌కి చేరాం. అమ్మకి సముద్రస్నానం చెయ్యాలని కోరిక. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పాదాలు పెట్టిందో లేదో 'అమ్మో' అని వెనక్కొచ్చేసింది. మన బంగాళాఖాతం గోరువెచ్చగా ఉంటుంది. ఈ తీరంలో నీళ్లు పదమూడు, పద్నాలుగు డిగ్రీలకు మించడం కష్టం. ఉత్తరం నుంచి చల్లటి ప్రవాహం వస్తుంది. పైగా ఒడ్డు వెంబడి వీచే గాలి పైనీటిని సముద్రంలోకి నెట్టేస్తుంటే, అడుగున ఉన్న చన్నీళ్లు పైకి తేలతాయి. చివరికి మూడు దోసిళ్లు తలమీద చల్లుకుని స్నానమైందనిపించింది.

అప్పుడు పొద్దు వాలుతోంది. మన వైపు పుట్టిపెరిగినవాళ్లకి ఇది వింత దృశ్యమే. భీమిలిలోనైనా, బారువలోనైనా సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. "మన దగ్గర నీళ్లలోంచి లెగుస్తాడు. ఇక్కడ అందులోకే ములిగిపోతన్నాడు" అని అమ్మ కళ్లార్పకుండా చూసింది. ఇంతలో బావ వాచీ చూసి ఓ లెక్క చెప్పాడు. అక్కడ బుధవారం సాయంత్రం ఆరూ యాభై అంటే ఇండియాలో గురువారం ఉదయం ఏడూ ఇరవై. అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయం అరసవల్లిలో ఆదిత్యుడి పాదాలపై కిరణాలు పడే సమయం దాటి గంటైంది, అంతే! మబ్బు లేకపోతే అక్కడ పాదాలు తాకిన సూర్యుడే ఇక్కడ మాకు సెలవిస్తున్నాడన్నమాట. అమ్మ అలా మునిగే సూర్యుడికే దణ్నం పెట్టేసింది.

మబ్బు ఉంది. మాకు మర్నాడు తెలిసింది.

దసరా రోజు మాంటెరేలో

గురువారం విజయదశమి. మాకు తెల్లారేసరికి అక్కడ సాయంత్రం. ఫోన్లు తెరిస్తే అన్నీ వాయుగుండం వార్తలే. తీవ్ర వాయుగుండం గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కుండపోత. వంశధార, నాగావళి పొంగుతున్నాయి. శ్రీకాకుళంలో ఉన్న మేనమామకి ఫోను కలవదు. అక్టోబరు అంటే మన తీరానికి భయమే కదా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానంలో నేలకొరిగిన కొబ్బరిచెట్లని చూసినవాళ్లు గాలిహోరంటే ఇప్పటికీ ఉలిక్కిపడతారు.

హోటల్ కిటికీలోంచి నీలంగా, ఎండగా ఉన్న సముద్రం. చేతిలో ఫోనులో బురదరంగు సముద్రం. అమ్మ టిఫిను తినలేదు. మధ్యాహ్నానికి మామయ్య దొరికాడు. కరెంటు లేదుగానీ అందరూ క్షేమం. ఆ ఒక్కమాటకి అమ్మ లేచి, అక్క తెచ్చిన పులిహోర తనే అందరికీ పెట్టింది. జమ్మి ఆకులకి ఎక్కడికెళ్తాం? పిల్లలు అమ్మమ్మ కాళ్లకి దణ్నం పెట్టారు, దసరా అయింది.

తర్వాత క్యానరీ రోకి వెళ్లాం. ఇది అన్నివిధాలా చూడదగ్గ వీధి. ఒకప్పుడు ఇక్కడ సార్డీన్ చేపల్ని, అంటే మన కవ్వల్ని, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు వరసగా ఉండేవి. చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, ఇటలీల నుంచి వచ్చినవాళ్లు పనిచేసేవారు. దీనిమీదే జాన్ స్టైన్‌బెక్ 1945లో నవల రాశాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే చేప మాయమైంది. పట్టిన పట్టు ఒక కారణం, సముద్రంలో మార్పులు మరో కారణం. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. 1958లో వీధికి నవల పేరే పెట్టారు. మూతపడ్డ ఓ క్యానరీ ఉన్నచోట 1984లో కట్టిందే ఇప్పుడు లోకమంతా వచ్చి చూసే మాంటెరే బే అక్వేరియం. గాజు వెనక వేల కవ్వలు వెండిచుట్టలా గుండ్రంగా తిరుగుతుంటాయి.

"చేపలు పోతే వీళ్లంతా ఎటెళ్లిపోయారు?" అని అమ్మ అడిగింది. అది టూరిస్టు అడిగే ప్రశ్న కాదు, మన తీరం మనిషి అడిగేది. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లా నుంచి జాలర్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్లెక్కుతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్థాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఉన్న ఊళ్లో సముద్రం పెట్టుకుని ఊరు విడవడం మనకి కొత్తేం కాదు. వేరావల్ వెళ్లినవాళ్లది ఓ దారి, మా అక్కలాంటి వాళ్లది మరో దారి. రెండూ ఒకటేనని అనను. కానీ గడపలో ఎదురుచూసే వాళ్లకి మాత్రం పెద్ద తేడా ఉండదు.

ఆ సాయంత్రమే బిగ్‌సర్ వైపు వెళ్లి బిక్స్‌బీ వంతెన చూశాం. 1932లో కట్టింది, లోయ మీద 260 అడుగుల ఎత్తున ఒకే కమాను. అక్కణ్నుంచి అలాగే లాస్‌ఏంజిలిస్ దాకా పోవచ్చనుకున్నాంగానీ కుదర్లేదు. కొండచరియలు పడి ఆ రోడ్డు 2023 జనవరి నుంచీ ఎక్కడో ఓచోట మూతపడే ఉంది. 2026 జనవరిలో గానీ పూర్తిగా తెరవలేదు. అమెరికాలో కూడా రోడ్లు మూడేళ్లు మూసేస్తారా అని అమ్మ కాస్త ఆనందించింది!

ఫారమ్ సంగతి

అసలు విషయం ఆ రాత్రి బయటికొచ్చింది. అక్కకి అమెరికా పౌరసత్వముంది. ఇరవయ్యొక్కేళ్లు దాటిన పౌరులు తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెట్టొచ్చు. ఈ కోవకి ఏటా ఇన్నే ఇస్తామన్న పరిమితి లేదు. నాన్న పోయి మూడేళ్లయింది. అక్క వాదన ఒకటే... అమ్మ ఒక్కతీ అంతింట్లో ఎందుకు? నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకోసారి వెళ్తాను, అది నిజమే.

వినడానికి తేలిక. లోపల చిక్కులున్నాయి. కార్డున్నవాళ్లు అక్కడే కాపురముండాలి. ముందస్తు పర్మిట్ లేకుండా ఏడాదికి మించి బయట ఉంటే కార్డుకే ఎసరు. అరవై అయిదు దాటినా ప్రభుత్వ వైద్యబీమా కొనుక్కోవాలంటే మామూలుగా అయిదేళ్లు అక్కడ ఉండి ఉండాలి. ఈలోపు ప్రైవేటు బీమా. వీటికన్నా పెద్దది, అక్కడ అమ్మకి కారు నడపడం రాదు. సాయంత్రం పార్కు బెంచీమీద నలుగురు తెలుగువాళ్లు కలుస్తారు. అనకాపల్లి ఆవిడ, గుంటూరు ఆయన, నల్గొండ దంపతులు. ఇవాళ కలిసినవాళ్లు నెల తిరిగేసరికి విమానమెక్కేస్తారు. ఆర్నెల్లకో బ్యాచి!

అమ్మ అన్నీ విని, "మీ నాన్న ఫొటోకి అక్కడ దండెవరేస్తారు?" అంది. అక్క లేచి వంటగదిలోకి వెళ్లింది.

శుక్రవారం శాన్‌ఫ్రాన్సిస్కో. 1937లో తెరిచిన గోల్డెన్‌గేట్ వంతెన గురించి కొత్తగా చెప్పేదేముంది, మంచుతెర తొలిగి అయిదు నిమిషాలు కనిపించింది, ఫొటోలు దిగాం. నాకు మాత్రం వుడ్ స్ట్రీట్‌లోని గదర్ స్మారకభవనం చూడాలని ఉండేది. బయటినుంచే చూశాం. 1913లో మొదలైన గదర్ పార్టీలో మన తెలుగాయనా ఒకరున్నారు. కనిగిరి వైపు నుంచి చదువుకోసం వచ్చిన దరిశి చెంచయ్య. తర్వాత ఆయన రాసుకున్న ఆత్మకథ పేరు 'నేనూ నా దేశం'. ఈ తీరానికి మనవాళ్ల రాకపోకలు సాఫ్ట్‌వేర్‌తో మొదలవలేదని అక్క పిల్లలకి చెబితే కాస్త ఆశ్చర్యంగానే విన్నారు.

ఇరవై మూడు కిలోలు

శనివారం పొద్దున లివర్‌మోర్ గుడి. శివుడూ విష్ణువూ ఒకే కప్పు కింద ఉంటారు. ప్రసాదం దగ్గర కుర్రాళ్లంతా ఒకటే మాట. సెప్టెంబరులో ప్రకటించిన హెచ్1బీ లక్ష డాలర్ల ఫీజు గురించి. కొత్త దరఖాస్తులకేనని ఒకరు, రేపేమవుతుందో ఎవరికి తెలుసని మరొకరు. తల్లిదండ్రులు పక్కన నిలబడి వింటున్నారు. తమ వాడు ఇక్కడే ఉండిపోవాలని మొక్కాలో, తిరిగి వచ్చెయ్యాలని మొక్కాలో తెలీని మొహాలు.

మధ్యాహ్నమంతా సర్దుడు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి ఇరవై మూడు కిలోలు. ఏప్రిల్లో వెళ్లినప్పుడు పలాస జీడిపప్పు, భీమాళి మామిడితాండ్ర, బావకి పొందూరు ఖద్దరు పంచె. తిరుగుదారిలో కాలిఫోర్నియా బాదంపప్పు, చాక్లెట్లు, మోకాళ్ల నొప్పుల మాత్రలు, పనమ్మాయికి హ్యాండ్‌బ్యాగు. కొక్కెం త్రాసుకి తగిలించి తూచడం, అరకిలో ఎక్కువైందని తియ్యడం, మళ్లీ పెట్టడం. అమ్మ చలికోటు తీసి అల్మరాలో తగిలించేసింది. "బరువెందుకు, ఇక్కడే ఉండనీ" అంది. అక్క నావైపు చూసింది.

పెట్టెకి తాళం వేసేముందు అక్క ఓ కాగితం పెట్టింది. గ్రీన్‌కార్డు దరఖాస్తుకి తల్లి పేరుతో ఉన్న తన జనన ధ్రువపత్రం కావాలి. అక్క ఇంట్లో పుట్టింది, అప్పట్లో ఎవరూ నమోదు చేయించలేదు. అలాంటప్పుడు రికార్డు లేదన్న పత్రమూ, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లూ ఇవ్వాలి. ఏమేం అడగాలో తెలుగులో రాసిచ్చింది. అఫిడవిట్ ఇవ్వగల పెద్దవాళ్లు ఇంకా ఇద్దరే మిగిలారు.

విమానాశ్రయంలో ఏడుపులు ఉంటాయనుకున్నాను. లేవు. చిన్నది మాత్రం అమ్మమ్మ కొంగు చేతికి చుట్టుకుని వదల్లేదు. సెక్యూరిటీ గేటు అవతలికి వెళ్లాక అమ్మ ఒక్కసారే వెనక్కి చూసింది. శనివారం రాత్రి ఎక్కితే సింగపూర్‌లో దిగేసరికి సోమవారం తెల్లవారింది. దినరేఖ దాటడంతో ఆదివారమన్నది మాకు దాదాపు రాకుండానే పోయింది. సోమవారం రాత్రి విశాఖలో దిగి కారెక్కాం. విజయనగరం చేరేసరికి తొలేళ్ల జనంతో రోడ్లు కిటకిటలాడుతున్నాయి.

మర్నాడు అమ్మ కోట దగ్గర నిలబడి సిరిమాను చూసింది. అక్కకి వీడియోకాల్ పెట్టి, జనం తలల మీదుగా ఫోను పైకెత్తి చూపించింది. అక్కడ అర్ధరాత్రి దాటింది. అక్క మేలుకునే ఉంది.

అక్క రాసిచ్చిన కాగితం బీరువాలో, పట్టుచీరల అడుగున ఉంది. దీపావళి వెళ్లాక మున్సిపాలిటీకి వెళ్దామంది అమ్మ. దీపావళి వెళ్లాక, సంక్రాంతి కానీమంది. సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు ఆ మాటెత్తలేదు. తులసికోటకి సున్నం వేయించింది. పక్కింటివాళ్లకి తాళంచెవి ఇంకోటి చేయించి ఇచ్చింది.