ఇంట్లో కూర్చుని డాన్స్ థెరపీ నేర్చుకోవచ్చా? డబ్బు కట్టే ముందు ఇది వినండి

ఈ రోజు టాపిక్ మన పులికాట్ పక్కనుంచే వచ్చింది. తడ నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, చిన్నప్పటి నుంచి భరతనాట్యం నేర్చుకున్నాను. డిగ్రీ అయిపోయింది. ఇంట్లో వాళ్లు హాస్టల్‌కి పంపరు. నాలుగు వారాల్లో ఇంటి నుంచే సర్టిఫైడ్ డాన్స్ థెరపిస్ట్ అవ్వొచ్చని ఫోన్‌లో ఒక యాడ్ చూశాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులున్నాయి. కట్టమంటావా?"

చెల్లీ, ముందు అసలు ఇదేంటో చూద్దాం.

డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ అంటే స్టెప్పులు నేర్పడం కాదు. మాటల్లో చెప్పుకోలేని బాధను కదలిక ద్వారా బయటికి తెచ్చే మానసిక చికిత్స. 1942లో అమెరికాలో మరియన్ ఛేస్ అనే డాన్సర్ వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో పని మొదలుపెట్టారు. 1966లో అక్కడ డాన్స్ థెరపిస్టుల సంఘం ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే.

ఆవిడ పద్ధతిలో ముఖ్యమైనది అద్దంలా కదలడం. చలికాలంలో పులికాట్‌లో ఫ్లెమింగోలను చూసే ఉంటారు. ఒకటి తల తిప్పితే పక్కది తిప్పుతుంది, కాసేపటికి గుంపంతా ఒకే లయలో నడుస్తుంది. మనుషుల్లోనూ అంతే. ఎవరితోనూ మాట్లాడని పేషెంట్ చెయ్యి కొంచెం ఊపితే, థెరపిస్ట్ కూడా అదే బరువుతో, అదే వేగంతో ఊపుతారు. "నిన్ను గమనిస్తున్నాను, నువ్వు ఒంటరివి కాదు" అని నోరు తెరవకుండా చెప్పడం అది.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ కదలికలో పాత గాయం ఏదో లేచి, ఎదుటి మనిషి ఒక్కసారిగా బిగుసుకుపోయాడు, వణుకుతున్నాడు, ఏడుస్తున్నాడు అనుకోండి. అప్పుడు ఏం చెయ్యాలి? ఇది పీడీఎఫ్ చదివితే రాదు. అనుభవం ఉన్న గురువు పక్కన ఉండి, మీరు చేసేది చూసి, తప్పు దిద్దాలి. దీన్నే సూపర్‌విజన్ అంటారు. కోవిడ్ టైంలో థెరపిస్టులు ఆన్‌లైన్‌లో కూడా సెషన్లు నడిపారు, నిజమే. కానీ వాళ్లు అప్పటికే ట్రైనింగ్ అయినవాళ్లు.

ఇక రూల్స్ సంగతి. 2021లో కేంద్రం అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం తెచ్చింది. దాని జాబితాలో డాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులు కూడా ఉన్నారు. ఆ చట్టం కిందికి వచ్చే హెల్త్‌కేర్ కోర్సుల్లో, సైకాలజీతో సహా, దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్త అడ్మిషన్లు తీసుకోవద్దని 2025లో యూజీసీ యూనివర్సిటీలకు చెప్పింది. ఆ లెక్కన "ఇంటి నుంచే థెరపిస్ట్ డిగ్రీ" అని ఎవరన్నా అంటే వెంటనే అనుమానించండి.

మరి ఇంట్లో ఏమీ నేర్చుకోలేమా? బోలెడు నేర్చుకోవచ్చు.

ఒకటి, థియరీ. శరీరం ఎలా పనిచేస్తుంది, మనసు ఎలా పనిచేస్తుంది అనే బేసిక్స్ కోసం స్వయం పోర్టల్‌లో కోర్సులు ఫ్రీగా చూడొచ్చు. మన దేశంలో ఈ రంగానికి దారి వేసినవాళ్లలో త్రిపుర కశ్యప్ ఒకరు. ఆవిడ ఇంగ్లీషు పుస్తకం 'మై బాడీ, మై విజ్డమ్' 2005లో వచ్చింది.

రెండు, గమనించడం. రుడాల్ఫ్ లాబాన్ అనే ఆయన కదలికను నాలుగు రకాలుగా చూడమన్నారు: బరువు, వేగం, దిశ, ప్రవాహం. సరస్సు ఒడ్డున వల విసిరే మనిషిని పది నిమిషాలు చూడండి. బలం ఎక్కడ పెడుతున్నాడు? ఎప్పుడు తొందరపడుతున్నాడు? చూపు ఎటు? ఒళ్లు ఎక్కడ వదులవుతోంది? రోజూ ఒక పేజీ రాయండి. ఖర్చు సున్నా.

మూడు, క్లాసు. ఊళ్లో పిల్లలకో పెద్దవాళ్లకో డాన్స్ నేర్పండి. కానీ దాన్ని డాన్స్ క్లాస్ అనే పిలవండి, థెరపీ అనొద్దు. న్యూయార్క్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు నేర్పుతోంది, వాళ్లు కూడా దాన్ని డాన్స్ క్లాసనే అంటారు. క్లాసులో ఎవరైనా మానసికంగా బాగా ఇబ్బందిపడుతుంటే మీరే వైద్యం చెయ్యకండి. టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ తర్వాత కూడా ఇదే కావాలనిపిస్తే, మనుషుల మధ్య నేర్పే చోటు వెతకండి. కోల్‌కతా సంవేద్ అనే సంస్థను సోహినీ చక్రవర్తి 2004లో మొదలుపెట్టారు. అక్రమ రవాణా నుంచి బయటపడిన అమ్మాయిలతో డాన్స్ ద్వారా పని చేస్తారు. ముంబైలోని టిస్‌తో కలిసి డిప్లొమా కూడా నడిపారు.

ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎదురెదురుగా ట్రైనింగ్ ఎన్ని గంటలు? నా సెషన్లు చూసి దిద్దేది ఎవరు, వాళ్ల అర్హత ఏంటి? ప్రాక్టీస్ ఎక్కడ, ఎవరితో? ఈ మూడింటికీ సూటిగా సమాధానం రాకపోతే ఫోన్ పెట్టేయండి. దూరవిద్య డిగ్రీ అంటే మాత్రం యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

సో చెల్లీ, నా సమాధానం: ఆ యాడ్‌కి డబ్బు కట్టొద్దు. నాలుగు వారాల సర్టిఫికెట్ పోతే పోయేది నీ డబ్బే. కానీ దాన్ని గోడకి తగిలించుకుని ఒక దెబ్బతిన్న మనిషిని ముందు కూర్చోబెట్టుకుంటే, నష్టం ఆ మనిషికి. డబ్బు దాచు, ఈ ఏడాది చదువు, గమనించు, నేర్పు. ఇంట్లో వాళ్లకి కూడా ఈ వీడియో చూపించు. "హాస్టల్ ఎందుకు" అని అడిగితే, ఈ చదువు సగం మనుషుల మధ్యే ఉంటుందని అప్పుడు నువ్వే చెప్పగలవు.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటాను.