ఇసుకలో నీటి నడక

వేసవిలో ఇసుకయు బొగ్గును నింపిన కుండనుండి నీరు బొట్టుబొట్టుగా క్రిందికి దిగుటను మీలో కొందరైనను చూచియుందురు. పైన పోసిన మురికినీరు అడుగుకుండలోనికి తేటయై చేరును. ఇసుకరేణువుల నడుమ నున్న సన్నని సందులే ఆ నీటికి బాటలు. ఆ బాటలలో నీరెంత వేగముగా నడచును? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని బావుల ఊటయు, మట్టికట్టల క్షేమమును దీనిపై ఆధారపడియున్నవి.

హెన్రీ డార్సీ 1803లో ఫ్రాన్సు దేశమందలి డిజాన్ పట్టణమున జన్మించెను. ఆయన ఇంజనీరై, సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న ఊటనుండి 1840లో తన పట్టణమునకు మంచినీరు తెప్పించెను. పిమ్మట నీటిని వడగట్టు ఇసుకపొరల స్వభావమును తెలిసికొనగోరి, నిలువుగొట్టమున ఇసుక నింపి ప్రయోగములు చేసి, 1856లో వాని ఫలితములను ప్రకటించెను. ఇసుకపొరకు పైనను క్రిందను గల నీటిమట్టముల భేదము రెట్టింపైనచో ప్రవాహమును రెట్టింపగును. ఆ భేదము మారక, పొర మందము మాత్రము రెట్టింపైనచో ప్రవాహము సగమగును. ఇదియే డార్సీ సూత్రము.

అయితే నీరెల్లప్పుడును నెమ్మదిగా నడువదు. 1883లో ఇంగ్లాండు దేశీయుడగు ఆస్బర్న్ రెనాల్డ్స్, గాజుగొట్టమున పారు నీటిలో రంగుధారను విడిచి చూచెను. నీరు మెల్లగా పారినంతకాలము ఆ ధార దారమువలె తిన్నగా సాగెను. వేగము హెచ్చగనే అది చెదరి, సుడులు తిరిగి, నీటియందంతటను కలిసిపోయెను. ఇట్టి ప్రవాహమునకు సంక్షుబ్ధ ప్రవాహమని పేరు.

ముతక కంకరలో నీరు వేగముగా పారునప్పుడు ప్రతి మలుపునను దాని శక్తి కొంత వ్యయమగును. వేగమింకను హెచ్చినచో సందులలో సుడులు పుట్టును. అచ్చట డార్సీ సూత్రము చాలదు. 1901లో ఆస్ట్రియా ఇంజనీరగు ఫిలిప్ ఫోర్ష్‌హైమర్ ఆ సూత్రమునకు మరియొక పదమును చేర్చెను. వేగము మూడురెట్లైనచో, నీటికి కలుగు అడ్డంకిలో మొదటి భాగము మూడురెట్లగును. చేర్చిన భాగము తొమ్మిదిరెట్లగును. సందులు అసంఖ్యాకములగుటచే ఒక్కొక్క సుడిని లెక్కించుట నేటి కంప్యూటర్లకును చిన్న ముక్కవరకే సాధ్యము. కనుక శాస్త్రజ్ఞులు అనేక సందులకు కలిపి సగటు తీసి లెక్కింతురు.

భూమిలో దాగిన నీరు వేగమును పుంజుకొన్నచో ఎంతటి విపత్తు కలుగునో ఒక ఉదాహరణము చెప్పెదము. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున టీటన్ నదిపై కట్టిన మట్టి ఆనకట్ట, జలాశయమును మొదటిసారి నింపుచుండగనే, 1976 జూన్ 5న తెగిపోయెను. శిలల పగుళ్ళగుండ చొరబడిన నీరు కట్టలోని మెత్తని మట్టిని కొట్టుకొనిపోయెను. ఉదయమున కనబడిన బురదఊట కొన్ని గంటలలోనే గండియయ్యెను. 11 మంది మరణించిరి.

నేడు ఇంజనీర్లు మట్టికట్టలలో ఇసుక, కంకరల వడపోతపొరలను అమర్చుచున్నారు. అవి నీటిని పోనిచ్చును, మట్టిని పోనీయవు. కట్టనుండి ఊరు నీటి పరిమాణమునే గాక, దాని రంగునుగూడ వారు కనిపెట్టి చూతురు. తేటనీరు కొలతకు లోబడినంతకాలము భయము తక్కువ. ఊట హెచ్చి నీరు బురదబారినచో అది అపాయసూచన. మన కుండనుండి జారు నీటి తేటదనమును చూచుటయు అట్టి పరీక్షయే.